నాలుక చాపండి: గ్వాంగ్‌జౌ కషాయం కొట్ల నుంచి జ్యాంగ్‌యో వత్సనాభి దాకా

శనివారం, గ్వాంగ్‌జౌ

చీనా మూలికా వైద్యం చూసి నేర్చుకోవడానికి భారతీయులు, యూరప్‌వాళ్ళు కలిసి బయల్దేరిన బృందానికి మొదటి మజిలీ ఇది. పాత ఊళ్ళో రెండు మూడు సందులకో ల్యాంగ్‌ఛా (మూలికల కషాయం) కొట్టు కనిపిస్తుంది. ముందు బల్ల మీద మెరుగు పెట్టిన ఇత్తడి కూజా, పక్కన మూతలేసిన కప్పులు, ఒక్కో రోగానికి ఒక్కో పేరు. 1828లో మొదలైన వాంగ్‌లావ్‌జీ కొట్టు కషాయమే ఇవాళ ఎర్ర డబ్బాల్లో తియ్యటి పానీయమై దేశమంతా అమ్ముడవుతోంది. డబ్బాది వదిలేసి, కొట్లో వేడివేడిగా పోసే 'ఇరవైనాలుగు రుచులు' తాగాలి. కప్పు 12 యువాన్లు. యువాన్ అంటే మన డబ్బుల్లో 12 రూపాయలు అటూఇటూ. పేరుకి ఇరవైనాలుగు గాని నాలుకకి తెలిసేది చేదొక్కటే. నేలవేము కషాయం తాగి పెరిగినవాళ్ళు కూడా ముఖం చిట్లించాల్సిందే. తాగాక నోట్లో వేసుకోమని నారింజ తొక్క పట్టించిన ఎండు పండొకటి చేతిలో పెడతారు.

కొట్టులో కూర్చున్నావిడ డబ్బు తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసింది: వేపుళ్ళు తిన్నారా, రాత్రి మేలుకున్నారా, గొంతు మండుతోందా, విరేచనం సాఫీగా అవుతోందా. తెలుగువాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 'వేడి చేసింది' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. బృందంలోని యూరప్‌వాళ్ళు మాత్రం 'జ్వరం లేదే, ఇంక వేడేమిటి' అని అక్కడే ఆగిపోయారు. ఈ వైద్యంలో వేడి థర్మామీటరుకి అందేది కాదు, కలిసి కనిపించే గుర్తుల గుంపు: ఎర్రటి ముఖం, చల్లనీళ్ళ మీద దాహం, పచ్చటి మూత్రం, మలబద్ధకం, పరుగెత్తే నాడి. చలి అంటే దీనికి తిరగేసి: పాలిపోయిన ముఖం, వేడి పానీయాల మీద ఇష్టం, తెల్లగా ధారాళంగా మూత్రం, పల్చటి విరేచనం. పక్కనే నిలబడ్డ పాలిపోయిన అమ్మాయికి ఆవిడ ఆ కప్పు పొయ్యనే లేదు. 'నీ కడుపు చల్లన, నీకిది పడదు' అని అల్లం, బెల్లం మరిగించింది ఇచ్చింది. అమ్మకం పోగొట్టుకునే కొట్టు మీద నమ్మకం కుదురుతుంది.

మన వేడి-చలువ జాబితాని యథాతథంగా తీసుకెళ్తే మాత్రం తిప్పలే. పెసలు, పుచ్చకాయ రెండు చోట్లా చలువే. లిచీ పండు వేడి. 'ఒక్క లిచీకి మూడు దివిటీల మంట' అని అక్కడ సామెత. కాని మనింట్లో చలువని నానబెట్టుకునే ధనియాల మాట ఎత్తితే కుదరదు. కొత్తిమీరని వాళ్ళు ఘాటు, వెచ్చన అని రాసుకున్నారు. జాబితా కొత్తగా నేర్చుకోవాల్సిందే.

సాయంత్రం ఛింగ్‌పింగ్ బజారు: ఎండబెట్టిన సముద్రపు గుర్రాలు, పుట్టగొడుగులు, ఖర్జూరాలు. శాకాహారికి గ్వాంగ్‌జౌ కష్టమే. గంటల తరబడి సన్నని సెగ మీద కాచే పులుసుల్లో మాంసం లేనిది దొరకడం అరుదు. 'వో చ్ర్ సూ', అంటే నేను శాకాహారిని అని చెప్పాక కూడా, 'కొంచెం ఎముకే కదా' అని ఆప్యాయంగా వడ్డించేస్తారు.

సోమవారం, చెంగ్డూ

ఇక్కడి చీనా వైద్య విశ్వవిద్యాలయం 1956లో పెట్టిన మొదటి నాలుగు కళాశాలల్లో ఒకటి. మిగతావి బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌల్లో. ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి. పాశ్చాత్యులు చాలామంది రెండు వేల ఏళ్ళుగా చెక్కుచెదరని పాఠ్యం వింటున్నామనుకుంటారు. గ్రంథాలు పాతవే. వాటిలోంచి ఏరి, వరసపెట్టి, పరీక్ష పెట్టగలిగే సిలబస్‌గా కూర్చింది మాత్రం 1950లలో. అంతకుముందు గురువుకో పద్ధతి, ఊరికో పద్ధతి.

నల్లబల్ల మీద మొదట పడేవి ఎనిమిది మాటలు, నాలుగు జంటలు: లోపల-బయట, చలి-వేడి, లోటు-నిండు, వీటన్నిటినీ కలుపుకుని యిన్-యాంగ్ (యిన్ అంటే లోపల, చలి, లోటు వైపు; యాంగ్ అంటే బయట, వేడి, నిండు వైపు). రోగం పేరు తర్వాత. ముందు ఈ ప్రశ్నలకి జవాబు రావాలి. రోగం చర్మం, కండ స్థాయిలో ఉందా, లోపలికి దిగిందా? చలా, వేడా? ఒంట్లో సత్తువ తగ్గిందా, ఉండకూడనిది ఎక్కువైందా? లోటుని నిండు అనుకుని విరేచనానికి మందిస్తే ఉన్న ఓపిక కూడా పోతుంది. నిండుని లోటు అనుకుని బలానికి మందిస్తే, దొంగని లోపల పెట్టి తలుపు వేసినట్టు అని వాళ్ళే అంటారు. జలుబు చేసి చలి పుట్టి, ఒళ్ళు నొప్పులతో ఉన్నవాడికి, బలానికి వాడే జిన్సెంగ్ వేరు ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

అవయవాల దగ్గర పాశ్చాత్యులకి రెండో దెబ్బ. ప్లీహం ఆహారాన్ని సత్తువగా మారుస్తుందనీ, రక్తాన్ని నాళాల్లో పట్టి ఉంచుతుందనీ చెప్పగానే జర్మనీ నుంచి వచ్చిన నర్సు చెయ్యెత్తింది: 'ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసినవాళ్ళ మాటేమిటి?' ఉపాధ్యాయుడు తొణకలేదు. 'వాళ్ళకీ మా ప్లీహం ఉంటుంది. అన్నం అరుగుతోందిగా.' అది అవయవం కాదు, కొన్ని పనుల మూట. ఇది ఒప్పుకోనివాళ్ళు మిగతా వారమంతా ప్రతి పాఠంలోనూ అక్కడే తట్టుకుని పడ్డారు. మనవాళ్ళకి ఎదురయ్యే గుంట వేరు: ఐదు మూలకాలు అనగానే పంచభూతాలు తగిలించేస్తాం. ఇక్కడ గాలి, ఆకాశం లేవు. కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు. ఇవి పదార్థాలకన్నా ఒకదాన్నొకటి పుట్టించే, అదుపుచేసే వరస. కాలేయం కర్ర, ప్లీహం మట్టి. కర్ర మట్టిని అదుపుచేస్తుంది. పరీక్ష ముందు కోపం, కంగారు పెరిగి కడుపు జారేవాడి లెక్క ఇక్కడ సరిపోతుంది.

మధ్యాహ్నం నాలుక. పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద కాదు. రెండు మూడు సెకన్లలో చూసెయ్యాలి. ఎక్కువసేపు చాపితే రంగు మారుతుంది, లోపల పెట్టించి మళ్ళీ చాపించాలి. కొన గుండె, ఊపిరితిత్తులకి, అంచులు కాలేయానికి, నడుమ ప్లీహం, జీర్ణాశయానికి, మొదలు మూత్రపిండాలకి. అంచున పళ్ళ గాట్లు పడి, ఉబ్బి, పాలిపోయి ఉంటే ప్లీహం లోటు. పచ్చటి మందపు పాచి వేడి, తెల్లటి పల్చటి పాచి మామూలు. కాఫీ పాచికి రంగు పట్టిస్తుంది, అందుకని తాగి రావద్దన్నారు. పొద్దున్నే నాలుకగీరుతో గీసుకొచ్చిన భారతీయుల నాలుకల మీద చదవడానికేమీ మిగల్లేదు. మర్నాడు గీసుకోకుండా రమ్మని పంపేశారు.

హోటల్లో, తరగతిలో, రైల్వే స్టేషన్లో, ఎక్కడ కూర్చున్నా వేడినీళ్ళు ఊరికే పోస్తారు. ఐసు అడిగితే జాలిగా చూస్తారు.

మంగళవారం, ఆసుపత్రి ఓపీ

డాక్టరు బల్ల చుట్టూ విద్యార్థులు, వాళ్ళ వెనక రోగులు, రోగుల వెంట వచ్చినవాళ్ళు. ఇంకొకరి నాడి చూస్తున్నప్పుడు మిగతావాళ్ళు మెడలు సాచి వినడం తప్పుగా ఎవరూ అనుకోరు. అత్తగారి విరేచనం గురించి కోడలు జవాబు చెబుతుంది, వెనక నిలబడ్డ పెద్దాయన దానికో సవరణ చేస్తాడు. ఓపీ చీటీ 20 యువాన్లు.

రోగి మణికట్టు కింద చిన్న మెత్త పెడతారు. బొటనవేలి వైపు ఎముక గుబ్బ ఎదురుగా నడిమి వేలు, మణికట్టు వైపు చూపుడువేలు, మోచేతి వైపు ఉంగరపు వేలు. ఎడమచేతి మీద వరసగా గుండె, కాలేయం, మూత్రపిండం; కుడిచేతి మీద ఊపిరితిత్తులు, ప్లీహం, మూత్రపిండపు యాంగ్. మొదట తేలికగా తాకాలి, తర్వాత మధ్యస్థంగా, తర్వాత ఎముక దాకా నొక్కాలి. పై తాకిడికే దొరికి, నొక్కితే తగ్గేది తేలే నాడి, రోగం బయట ఉంది. నొక్కితేగాని దొరకనిది మునిగిన నాడి. వేగాన్ని గడియారంతో కాదు, చూసేవాడి శ్వాసతో కొలుస్తారు: ఒక ఊపిరికి నాలుగైదు సార్లు కొడితే మామూలు, అంతకు తగ్గితే నెమ్మది, మించితే వేగం. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన విద్యార్థికి అందరి నాడీ నెమ్మదిగానే తగులుతుంది. అందుకే ముందు తన ఊపిరి కుదుటపడాలి. మూడు వేళ్ళూ ఒకే బరువుతో ఆనడం ఇంకో కష్టం. ఉంగరపు వేలు ఎప్పుడూ బలహీనమే, మూత్రపిండాల నాడి అందరికీ మునిగినట్టే అనిపిస్తుంది. నాడి పరీక్ష ఎంత నిలకడగా ఉంటుందన్నది వేరే సంగతి. ఒకే మణికట్టుకి ఇద్దరు విద్యార్థులు రెండు పేర్లు పెట్టడం ఆ పూటే చూశాం. అనుభవజ్ఞులు నాడి ఒక్కదాన్నే నమ్ముకోరు. నాలుకా, ప్రశ్నలూ, నాడీ ఒకే మాట చెబితేనే కలం కదులుతుంది.

ఒకే గంటలో రెండు దగ్గులు వచ్చాయి. మొదటాయనకి నీళ్ళలాంటి తెల్లటి కఫం, చలి, దాహం లేదు, నాలుక మీద తెల్లటి పాచి. చలి దగ్గు, చీటీలో తొలి పేరు మాహ్వాంగ్, ఒంటిని వెచ్చబరిచి చెమట పట్టించే మూలిక. రెండో ఆవిడకి పచ్చటి జిగురు కఫం, గొంతు నొప్పి, దాహం, వేగంగా తేలే నాడి. వేడి దగ్గు, మల్బరీ ఆకు, చేమంతి. అల్లోపతి చీటీలో ఇద్దరికీ ఒకే పేరు ఉండేదేమో. ఈ తేడా తెలియకే విదేశాల్లో చాలామంది ఏ జలుబుకైనా యిన్‌చ్యావ్ మాత్రలు మింగి, 'పనిచెయ్యలేద'ంటారు. అవి గొంతు నొప్పితో మొదలయ్యే వేడి జలుబుకి. చలి పుట్టి ముక్కు నీళ్ళలా కారే జలుబుకి అవి తప్పు మందు.

కింద మందుల గదిలో గోడంతా చెక్క సొరుగులు, ఒక్కోదానిలో రెండు మూడు అరలు. పువ్వులు, ఆకులు పైన; గవ్వలు, ఖనిజాలు అడుగున; విషం ఉన్నవి తాళంలో. చేతి త్రాసు అచ్చం మన కంసాలి త్రాసే. ఏడు పొట్లాలకి ఒక మూలికని మొత్తంగా తూచి, తర్వాత పొట్లం పొట్లానికీ త్రాసులోంచి తగ్గించుకుంటూ పంచుతారు. పొట్లం బరువు అటూఇటూ 5 శాతం లోపే ఉండాలి. పాత చీటీల్లోని 'ఛ్యెన్' ఇప్పుడు 3 గ్రాములు. ఓపిక లేనివాళ్ళకి ఆసుపత్రే యంత్రంలో కాచి, సుమారు 200 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సంచుల్లో సీలు వేసి ఇస్తుంది. ఏడు రోజుల మందు ఒకరికి 230 యువాన్లు అయింది.

బుధవారం, హహ్వాఛ్ర్ వెతుకులాట

పుస్తకాల్లో 'హహ్వాఛ్ర్ మూలికల బజారు' అని చదివి ఉత్తర రైల్వే స్టేషన్ దగ్గర దిగితే బట్టలు, చెప్పులు, ప్లాస్టిక్ పువ్వుల హోల్‌సేల్ కొట్ల మధ్య తేలతారు. మూలికలవాళ్ళు పేరు మోసుకుని ఊరికి ఉత్తరాన కొత్త వాణిజ్య నగరానికి వెళ్ళిపోయారు. బట్టల కొట్టు కుర్రాడు ఫోనులో పటం తీసి చూపించి, వేడినీళ్ళు కూడా పోశాడు.

కొత్త బజారులో గోతాలే గోతాలు. ముక్కుతో నేర్చుకోవాల్సిన చోటిది. మరీ తెల్లగా మెరిసే ముక్కల్ని మూతి దగ్గర పెట్టుకుంటే పుల్లటి ఘాటు తగిలిందంటే గంధకం పొగ పట్టించినట్టే. ఇందులో చూసి తీరాల్సింది చ్వాన్‌బెయ్‌మూ, దగ్గుకి వాడే చిన్న దుంప. పడమటి కొండల నుంచి వస్తుంది, కిలో వేల యువాన్లు పలుకుతుంది, అందుకే కల్తీ ఎక్కువ. ఇందులో సోంగ్‌బెయ్ అనే రకం గింజని అరచేతిలో పెట్టుకుంటే పెద్ద రేకు చిన్న రేకుని ఒడిలో పెట్టుకున్నట్టు ఉంటుంది. 'ఒడిలో చందమామ' అంటారు. అడుగు చదునుగా ఉండి బల్ల మీద నిలబడుతుంది. ఆ పేరుతో అమ్మేదానిలో రెండు రేకులూ సమానంగా ఉండి పక్కకి దొర్లితే అనుమానించాలి. కుంకుమపువ్వుకి పరీక్ష నీళ్ళలో: అసలుది పచ్చటి దారాలుగా రంగు వదులుతుంది, ఎర్రగా ఒక్కసారి నీళ్ళంతా మారితే రంగు వేసినదే.

అతిమధురం, పిప్పలి, కరక్కాయ, శొంఠి ఆ గోతాల్లో ఉన్నాయి. మన పచారీ కొట్లో కాసేపు నిలబడ్డవాడికి సగం పేర్లు మొహం చూసే తెలుస్తాయి. అతిమధురం దాదాపు ప్రతి చీటీలోనూ పడుతుంది, మిగతావాటిని సర్దుబాటు చేస్తుందని. అలాగని దేనితో పడితే దానితో కలపకూడదు: ఘాటైన విరేచన మూలికలు గాన్‌స్వీ, దాజీ, య్వెన్‌హ్వా, సముద్రపు పాచి హాయ్‌జావ్, ఈ నాలుగింటితో వద్దని పాత నిషేధం.

రాత్రి వెన్‌షూ మఠం భోజనశాల. తామరదుంప, పుట్టగొడుగులు, మిరియప్పువ్వు (నాలుకని తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియం) పులుసు, అన్నం, అన్నిటికీ కలిపి నలభై యువాన్ల లోపే, మాంసం భయం లేదు. చెంగ్డూవాళ్ళ మిరపకాయకి కారణం అడిగితే అందరిదీ ఒకే జవాబు: 'ఇక్కడ చెమ్మ ఎక్కువ, ఒంట్లోంచి తోలాలి.' ఎండ తగలని ఆ ఆకాశం కింద ఒక్క పూట ఉంటే చాలు, ఆ మాట కాదనబుద్ధి కాదు.

గురువారం, సూదులు

థ్యెన్‌ఫూ చౌక్‌లోని చెంగ్డూ మ్యూజియంలో (ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు) జానెడు కూడా లేని లక్కబొమ్మ ఉంది, 14 సెంటీమీటర్లు. 2012-13లో లావ్‌గ్వాన్‌షాన్ దగ్గర రెండు వేల ఏళ్ళ కిందటి హాన్ కాలపు సమాధుల్లో దొరికింది. ఒంటి నిండా సత్తువ పారే దారులని చెప్పే ఎరుపు, తెలుపు గీతలు, సూది చోట్లలాంటి వందకు పైగా చుక్కలు. తరగతిలో వేలాడే ప్లాస్టిక్ బొమ్మ మీద గీతలకీ దీనికీ అన్నీ కలవవు. గీతలు కాలంతో మారాయని దాని ముందు నిలబడితేనే ఒంటపడుతుంది.

కొలత రోగి ఒంటిదే: అతని బొటనవేలి వెడల్పు ఒక 'త్సున్', నాలుగు వేళ్ళు కలిపితే మూడు. మోకాలి చిప్ప కింద బయటి గుంట నుంచి మూడు త్సున్లు దిగి, కాలి ముందెముక నుంచి ఒక వేలు బయటికి జరిగితే జూసాన్‌లీ అనే సూది చోటు. మణికట్టు గీత నుంచి రెండు త్సున్లు పైకి, రెండు స్నాయువుల నడుమ నెయ్‌గ్వాన్, వాంతికి. సూది మందం 0.25, పొడవు 40 మిల్లీమీటర్లు. మొదట కాగితాల దిండు మీద, తర్వాత దూది ఉండ మీద, తర్వాత సొంత కాలి మీద. యూరప్‌లో గొట్టంలో పెట్టి తట్టడం నేర్చినవాళ్ళ చేతికి ఇక్కడ గొట్టం ఇవ్వరు, ఉత్త వేళ్ళతోనే దించాలి. వేళ్ళు వణికితే సూది విల్లులా వంగుతుంది. సరిగా దిగితే రోగికి నొప్పి కాదు, లాగినట్టు, తిమ్మిరిగా, బరువుగా ఉంటుంది. ఆకలి మీద వచ్చినవాళ్ళు సూది పడగానే చెమట పట్టి తూలుతారు. వెంటనే సూదులన్నీ తీసి, పడుకోబెట్టి, వేడినీళ్ళు తాగించాలి. భుజం మీది జ్యెన్‌జింగ్ దగ్గర లోతుగా దించితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. గర్భిణులకి చేతి మీది హగూ వద్దు.

1971లో బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయిన అమెరికన్ విలేఖరి జేమ్స్ రెస్టన్, తర్వాతి అసౌకర్యానికి సూదులు వేశారని రాసిన దగ్గర్నుంచే పాశ్చాత్యులకి ఈ పిచ్చి పట్టింది. ఆపరేషన్ మామూలు మత్తుమందుతోనే జరిగింది. సూదులతోనే కోశారన్నది తర్వాత అల్లుకున్న కథ.

శుక్రవారం, జ్యాంగ్‌యో

పొద్దున్నే పంది పేగుల కూరతో అన్నం తినే ఊరు ఇది. తిననివాళ్ళకి పక్కనే సోయా పాలు, ఉడికించిన రొట్టెలు 8 యువాన్లు. ఊరికి పేరు తెచ్చింది ఫూజి, మన విషపు దుంప వత్సనాభికి దగ్గరి చుట్టం. తల్లి దుంప చ్వాన్‌వూ, దాని పక్కన పుట్టే పిల్లదుంప ఫూజి. చలికాలంలో నాటి ఎండాకాలంలో తవ్వుతారు కాబట్టి అక్టోబరులో పొలంలో చూడ్డానికేమీ ఉండదు. చూడాల్సింది శుద్ధి. దుంపల్ని కడిగి, ఘాటైన ఉప్పునీళ్ళ ద్రావణంలో రోజుల తరబడి ఊరేసి, నడిమధ్య దాకా ఉడికించి, కోసి, నీళ్ళలో నానబెట్టి, ఆవిరి పట్టి ఎండబెడతారు. తొక్కతో కోసి రంగు పట్టించినవి నల్ల ముక్కలు, తొక్క తీసినవి తెల్ల ముక్కలు. మన ఆయుర్వేదంలో వత్సనాభిని గోమూత్రంలో, పాలలో శుద్ధి చేస్తారు. దారి వేరైనా భయం ఒకటే.

శుద్ధయ్యాక కూడా కాచడంలో పొరపాటుకి చోటు లేదు. మోతాదు 3 నుంచి 15 గ్రాములు. మిగతా మూలికలకన్నా ముందు ఇదొక్కటే వేసి 30 నుంచి 60 నిమిషాలు, మోతాదు పెరిగితే ఇంకా ఎక్కువసేపు, మరగాలి. ఆ వేడికే దుంపలోని విష పదార్థం అకొనైటిన్ విరిగి విషం చాలా రెట్లు తగ్గుతుంది. నడుమ చన్నీళ్ళు పోస్తే మరుగు ఆగిపోతుంది, పోయాల్సి వస్తే మరిగే నీళ్ళే. సారా కలిపితే ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది. మూలికా సారాతో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఉడికిందో లేదో చిన్న ముక్క నాలుక కొనకి తాకించి చూస్తారు: తిమ్మిరెక్కితే ఇంకా కాలేదు. ముందు రోజు మిరియప్పువ్వు పులుసు తాగొచ్చినవాళ్ళ నాలుక ఈ పరీక్షకి పనికిరాదు, అది ఎలాగూ తిమ్మిరెక్కే ఉంటుంది. మందు తాగాక పెదాలు మొద్దుబారి గుండె దడ వస్తే మూలికా వైద్యుడి కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

శనివారం, మళ్ళీ చెంగ్డూ, వంటగది

ఆఖరి పాఠం గ్వెయ్‌జ్ర్ థాంగ్, సుమారు క్రీ.శ. 200 నాటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ కట్టిన కషాయం. దాల్చిన రెమ్మలు 9 గ్రాములు, తెల్ల పియోనీ వేరు 9, అల్లం 9, వేయించిన అతిమధురం 6, ఎండు రేగుపండ్లు మూడు కాయలు. మట్టి కుండే, ఇనుము, అల్యూమినియం వద్దు. మూలికలు మునిగి రెండు వేళ్ళు పైకి వచ్చేలా నీళ్ళు పోసి అరగంట నానబెట్టాలి. పెద్ద మంట మీద మరిగాక సన్నని సెగ. జలుబు మందు కనక పది పదిహేను నిమిషాలు చాలు, ఎక్కువ కాస్తే వాసన ఎగిరిపోతుంది. వడకట్టి, మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి కాచి, రెండూ కలిపి రెండు పూటలకి పంచాలి. వేరే చీటీల్లో పుదీనా ఉంటే చివరి ఐదు నిమిషాల్లో వెయ్యాలి, సన్న గింజలు గుడ్డలో మూటకట్టాలి, గాడిద తోలు బంక విడిగా కరిగించాలి.

తాగాక వేడి గంజి తాగి దుప్పటి కప్పుకోవాలని మూలగ్రంథంలోనే ఉంది. ఒళ్ళు పల్చగా తడిసేలా చెమట పడితే చాలు, ధారలు కారేలా వద్దు. ఒక మోతాదుకే పడితే మిగతాది పారబోసెయ్యడమే. జ్వరానికి గంజి అన్న మాటకి బృందంలో తెలుగువాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

మూటలు కట్టుకుని వచ్చేవాళ్ళకి ఒక్క సంగతి. బ్రస్సెల్స్‌లో సన్నబడే మందులో ఒక మూలికకి బదులు పేరు కలిసే గ్వాంగ్‌ఫాంగ్‌జీ పడి, అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లంతో చాలామంది మూత్రపిండాలు పాడయ్యాయి; 1993లో బయటపడింది. అందుకని పొట్లం మీద చీనా పేరుతో పాటు శాస్త్రీయ నామం రాయించుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు దాన్‌షెన్ అనే ఎర్ర వేరు జోలికి పోకూడదు. అతిమధురం రోజుల తరబడి తాగితే పొటాషియం తగ్గి రక్తపోటు పెరుగుతుంది, బీపీ మాత్రలు మింగేవాళ్ళు డాక్టరుకి ముందే చెప్పాలి. రాయించుకోవడానికి కొట్లో ఎవరూ విసుక్కోలేదు, పొట్లానికి పైసా ఎక్కువ అడగలేదు.